బరువు లేని కుట్టుమిషను

ఖుతుబుద్దీన్‌కు చుట్టుపక్కల ఊళ్ళలో ఒక చెడ్డపేరు ఉండేది, నీళ్ళ దగ్గర ఆడవాళ్ళను చూస్తూ నిలబడతాడని. పాపం, ఆయన ఒక్కరి మొహమైనా సరిగ్గా చూసి ఉండడు. వేములఘాట్‌లో బోరింగు దగ్గర సైకిలు ఆపుకొని, పంపు చెయ్యి పైకీ కిందికీ ఊగుతూ ఉంటే లోపల కడ్డీ ఎట్లా లేస్తుందో ఊహించుకుంటూ ఒళ్ళు మరిచిపోయేవాడు. బిందెలు నింపుకునే వాళ్ళకు ఆ ఊహలతో ఏం పని? నాలుగు చీవాట్లు పెట్టి తరిమేవాళ్ళు. వానాకాలం చేర్యాల బస్సెక్కితే ఇంకో తంటా. ముందు అద్దం మీద నీళ్ళు తుడిచే కడ్డీలు అటూ ఇటూ పోతూ ఉంటే వాటినే చూస్తూ కూర్చుని, దిగాల్సిన ఊరు దాటిపోయి, తడుస్తూ వెనక్కి నడిచి వచ్చేవాడు. ఇంటికొచ్చాక భార్య చేత అక్షింతలు వేయించుకునేవాడు.

కుట్టుమిషన్లు బాగుచేయడం ఆయన పని. సైకిలుకు తగిలించిన సంచిలో నూనె డబ్బా, స్క్రూడ్రైవర్లు, పాత బెల్టు ముక్కలు. సిద్దిపేట చుట్టూ దర్జీ ఉన్న ఊరల్లా ఆయనకు తెలిసిన ఊరే. నా టైపు మిషన్లకూ ఆయనే వైద్యుడు. నేను అప్పట్లో మెదక్ రోడ్డు మీద ఒక మేడపైన టైపు ఇన్‌స్టిట్యూట్ నడుపుతుండేవాణ్ణి. నా పేరు రామేశ్వర్ అని ఇంట్లోవాళ్ళకు తప్ప ఎవరికీ గుర్తులేదు, అందరికీ టైపు సార్‌నే. తొంభై ఆరులో నా పక్క గదిలోకి కంప్యూటర్లు దిగాయి. వాటికి ఏసీ, కిటికీలకు నీలం పరదాలు, వాకిట్లో చెప్పులు విడవాలన్న నియమం. నా గదిలో ఫ్యాను కూడా నన్ను చూసి జాలిపడి తిరిగేది. నా పొట్ట కొట్టడానికే అవి వచ్చాయని నాకు మొదటి రోజే తెలిసింది. ఆ కోపం ఇప్పటికీ పూర్తిగా చల్లారలేదు, కాబట్టి నేను వాటి గురించి చెప్పే మాటల్లో కొంచెం కారం ఎక్కువైతే సర్దుకోండి.

ఆ గదిలో పాఠాలు చెప్పే అమ్మాయి పేరు కన్యక. బజారులో గిన్నెల దుకాణం వాళ్ళ బిడ్డ. హైదరాబాదులో మెకానికల్ డిప్లొమా చదివి వచ్చింది. అమ్మాయి మీద నాకు కోపం లేదు. పొద్దున్నే ఎదురుపడితే నవ్వుతూ నమస్కారం పెట్టేది, నేను నవ్వకుండా పెట్టేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం ఖుతుబుద్దీన్ నా మిషనుకు నూనె వేసి, చేతులు తుడుచుకుంటూ బయటికి పోయాడు. ఎంతసేపటికీ మెట్లు దిగిన చప్పుడు లేదు. వెళ్ళి చూస్తే పక్క గది గుమ్మంలో, చెప్పులు చేతిలో పట్టుకుని, లోపలికి చూస్తూ నిలబడి ఉన్నాడు. లోపల తెర మీద నాలుగు గీతలు. ఒక చిన్న గీత గుండ్రంగా తిరుగుతూ ఉంటే, దానికి తగిలించిన పొడుగు గీత ఇంకో గీతను ముందుకు నూకుతోంది, వెనక్కి లాగుతోంది. చప్పుడు లేదు, నూనె లేదు, అరుగుడు లేదు. నల్లటి తెర మీద పచ్చటి గీతలు నిద్రలో కదులుతున్నట్టు కదులుతున్నాయి.

"సార్," అన్నాడు, నా వైపు తిరగకుండానే. "గిది దేనికీ తగులుతలేదు సూడున్రి."

ఆ రోజు నుంచి ఆయన మధ్యాహ్నాలు అక్కడే గడిచాయి. పిల్లలు వెళ్ళిపోయాక, ఎండ నీలం పరదాల వెనక చల్లబడే వేళకు, కన్యక తెర వెలిగించేది, ఈయన స్టూలు మీద కూర్చునేవాడు. అడిగితే ఏదో ఒకటి గీసి కదిలించేది. తలుపు మడత, గొడుగు తెరుచుకునే తీరు, బోరింగు చెయ్యి. బయట లారీలు హారన్లు కొట్టుకుంటూ పోతున్నా ఆ గదిలో ఏదో వేరే ఊరు ఉన్నట్టు ఉండేది. అక్కడ ఏ వస్తువుకూ బరువు లేదు, ఏదీ అలిసిపోదు, ఒకసారి మొదలైంది ఆపేదాకా తిరుగుతూనే ఉంటుంది. నాకే అప్పుడప్పుడు వెళ్ళి నిలబడాలనిపించేది. పౌరుషం అడ్డొచ్చి గుమ్మం దాకా వెళ్ళి ఆగేవాణ్ణి.

ఆయనకు ఆ గది అంత తియ్యగా ఎందుకుండేదో చెప్పాలంటే హుస్నాబీ సంగతి చెప్పాలి.

హుస్నాబీ ఆయన భార్య. మా గల్లీలో రవికలంటే ఆమెవే. చంద్లాపూర్ నుంచి కూడా బట్ట పట్టుకుని వచ్చేవాళ్ళు. కొలత టేపు మెడలో వేసుకునేదే గాని దాన్ని తీయడం నేను తక్కువ చూశాను. పొద్దున అందరూ పనుల్లోకి పోయాక ఆమె మిషను చప్పుడు మొదలయ్యేది, మధ్యాహ్నం నమాజు వేళకు ఆగేది, మళ్ళీ మొదలయ్యేది. అంతకు ముందు వానాకాలంలో నల్లా దగ్గర పాకురు మీద జారి కుడి కాలు మడమ పైన విరిగింది. కట్టు కట్టారు, అతికింది. నడక వచ్చింది. కాని చీలమండ వంగదు, పాదంలో బలం లేదు. కుట్టుమిషను తొక్కాలంటే ఒకసారి వేళ్ళ వైపు, ఒకసారి మడమ వైపు వత్తాలి. ఆమె వత్తితే కింది చక్రం సగం దాకా వచ్చి, ఒకచోట ఆగి, వెనక్కి తిరిగేది. దారం చిక్కుపడేది. గల్లీ చివరింటి పెద్దయ్య కోడలి పట్టు రవిక అట్లాగే పాడైంది. మోటారు పెట్టించుకుందామంటే పగలు కరెంటు నిలకడ లేదు, పైగా దాని వేగం చూస్తే ఆమెకు దడ.

గల్లీలో ఒక్కొక్కరూ వచ్చి ధైర్యం చెప్పేవాళ్ళు. "మనసు గట్టిగ చేస్కోవాలె హుస్నా, తొక్కుతనే ఉంటె అదే వస్తది," అని పక్కింటి కొండవ్వ రోజూ చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పేది. హుస్నాబీ తొక్కింది. రాలేదు. చివరికి మిషను మీద దుప్పటి కప్పేసి, చేత్తో హుక్కులు కుట్టడం, అంచులు మడవడం మొదలుపెట్టింది. తన కాలే దొంగ అని, పని తప్పించుకుంటోందని ఆమె అనుకునేది. ఆ మాట నాతో నవ్వుతూనే అంది. మిషను తొక్కకుండా ఆమె ఆ ఇంట్లో ఎట్లా బతుకుతుంది? అన్నం గురించి కాదు నేననేది. పొద్దున లేచి ఏ వస్తువు దగ్గరికి పోవాలో తెలియని మనిషి మొహం ఒకటుంటుంది, అది ఆమెకు వచ్చేసింది.

భార్యను మళ్ళీ మిషను ముందు కూర్చోబెట్టాలి. ఖుతుబుద్దీన్‌కు ఇంక వేరే ధ్యాస లేదు. ఆ నాలుగు గీతలు చూశాక ఆయనకు దారి దొరికిందనిపించింది. పెడలు ఒక గీత, దాని నుంచి లేచే కడ్డీ ఒకటి, చక్రం నడిమి నుంచి కడ్డీ తగిలే చోటు దాకా ఒకటి, కదలని ఇనుప కాళ్ళు ఒకటి. కుట్టుమిషను కింది భాగమంతా అంతే. కన్యక ఆయన చెప్పిన కొలతలతో అది గీసింది. ఈయన కడ్డీ పొడుగు మార్చమనేవాడు, చక్రం మీద దాని జాగ మార్చమనేవాడు. చివరికి ఒక తీరు కుదిరింది. పెడలు కొంచెం వంగితే చాలు, చక్రం నిండుగా తిరుగుతోంది.

"ఒక్కసారి గా కిటికీ తెరువు బేటీ," అన్నాడు. కిటికీ అంటే సెట్టింగులు కనిపించే డబ్బా. ఏది కదిలించేముందైనా కన్యక అది తెరిచి, అందులో ఉన్న ఇంగ్లీషును ఆయనకు తెలుగులో చదివి వినిపించేది. ఆయనకు ఉర్దూ చదవొచ్చు, తెలుగు కూడబలుక్కుంటాడు, ఇంగ్లీషు రాదు.

కన్యక చదివింది. "తిప్పేది, చక్రం. వేగం, గింత. మొదలయ్యే జాగ, గీడ. బరువు, సున్న. రాపిడి, సున్న."

"బరువు సున్ననా?"

"సున్ననే చాచా."

నేను గుమ్మంలోనే ఉన్నాను. ఆయన మొహం వెలిగిపోవడం నా కళ్ళతో చూశాను. అదేం వెలుగో అప్పుడు నాకర్థం కాలేదు. పరుగున మెట్లు దిగి ఇంటికి పోయి, హుస్నాబీతో, కంప్యూటరు లెక్కకట్టి చెప్పిందని, కొత్త కడ్డీతో నీ కాలికి బరువే తెలవదని చెప్పాడట. వెల్డింగు దుకాణంలో కూర్చుని కడ్డీ చేయించాడు. చక్రానికి కొత్త చిల్లు వేయించాడు. మిషను మీద దుప్పటి తీసి దులిపాడు. గల్లీ అంతా పండగలా చెప్పుకున్నారు. కొండవ్వ బట్టతో సహా వచ్చి వాకిట్లో కూర్చుంది. నన్ను కూడా పిలిచారు.

హుస్నాబీ మంచి చీర కట్టుకుంది. పాదాలు పెడలు మీద పెట్టి, చేత్తో పై చక్రాన్ని కొంచెం తిప్పి, తొక్కింది. కింది చక్రం కదిలింది. ఇదివరకు సగం దాకా వచ్చేది, ఇప్పుడు సగం కూడా రాలేదు. గట్టిగా వత్తింది. ఆగిపోయి, వెనక్కి తిరిగింది. ఇంకోసారి. మళ్ళీ అంతే. కొండవ్వ కూడా నోరు తెరవలేదంటే చూడండి. హుస్నాబీ లేచి, దుప్పటి మడత విప్పి, అంచులు సమంగా లాగి మిషను మీద కప్పింది. "మిషన్ల ఏం లోపం లేదు," అంది మెల్లగా. "బరువు లేకున్నా తొక్కుతలేదంటె కాలుదే తప్పు."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. తెల్లారి కన్యక గదికి తాళం తీసేసరికి గుమ్మంలో నిలబడి ఉన్నాను. వెనకాల ఖుతుబుద్దీన్ వద్దు సార్, వద్దు సార్ అంటున్నా వినకుండా అడగాల్సినవన్నీ అడిగాను. పెద్దమనిషిని నమ్మించి గొంతు కోశావా అన్నదాకా పోయాను. ఆ పిల్ల ఏడవలేదు, ఎదురు తిరగలేదు. అంతా విని, ఖుతుబుద్దీన్ వైపు తిరిగింది.

"చాచా, గది అది చెప్పిన మాట కాదు. మనం దానికి చెప్పిన మాట. బరువు లేదనుకో, రాపిడి లేదనుకో, చక్రం దానంతట అదే తిరుగుతున్నదనుకో, అప్పుడు కడ్డీలు ఎట్ల కదుల్తయో సూపెట్టు అని మనమే అడిగినం. గీ పద్ధతి కదలిక ఒక్కటే సూపెడ్తది. ఎంత బలం కావాల్నో దీనికి తెల్వది. పెడలు తక్కువ వంగితె బలం ఇంకా ఎక్కువే కావాలె. నువ్వు బరువు సున్ననా అని అడిగినప్పుడు నాకు సమజ్ కాలే. సెట్టింగు అడుగుతున్నవనుకున్న."

ఖుతుబుద్దీన్ స్టూలు మీద కూర్చుండిపోయాడు. ఇన్ని నెలలు ఆయన ఆ డబ్బాలోని మాటలను జవాబులనుకుని విన్నాడు. అవి మనం పెట్టిన షరతులని ఆయనకెవరు చెప్పాలి? చెప్పాలని ఎవరికి తోస్తుంది? పోట్లాటకు వచ్చిన నాకు కోపం పెట్టుకోవడానికి జాగ దొరకలేదు.

"గీ మాట నీ నోటితోని గామెకు చెప్పు బేటీ," అన్నాడు. "నేను చెప్తె నమ్మది. నా మీద జాలితోని సరే అంటది."

ఆ సాయంత్రం హుస్నాబీ మేడ మెట్లెక్కింది. గోడ పట్టుకుని, ఒక్కొక్క మెట్టు మీద రెండు కాళ్ళూ కలుపుకుంటూ. నేను కుర్చీ తెచ్చి వేశాను. నా కుర్చీయే, ఆ గది స్టూళ్ళు మనుషులు కూర్చునేవి కావు. కన్యక తెర వెలిగించింది. నాలుగు గీతలు ఎప్పటిలాగే తిరిగాయి. హుస్నాబీ ఆ పచ్చటి కదలికను కాసేపు చూసింది. ఆమె మొహంలో కూడా కొంచెం కల దిగింది. అందంగా ఉంటుంది మరి, నేనెంత తిట్టుకున్నా అది నిజం.

"బాగున్నది," అంది. "గిండ్ల నా కాలేది బిడ్డా?"

"కాలు లేదు చాచీ. చక్రమే అన్నిటిని తిప్పుతున్నది. కాలు పెడత, ఆగు."

కన్యక సెట్టింగుల డబ్బా తెరిచింది. తిప్పేది అన్న చోట చక్రం తీసేసి పెడలు పెట్టింది. మిగతావి ముట్టుకోలేదు. బొమ్మను కదిలించింది. పెడలు గీత వంగింది, కడ్డీ లేచింది, చక్రం తిరిగింది, తిరిగి ఒకచోట టక్కున ఆగిపోయింది. తెర మీద ఎర్రటి అక్షరాలు వచ్చాయి. కన్యక మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ అక్కడే. కడ్డీ, చక్రం మీద దాని గీత ఒకే వరసలోకి వచ్చిన చోట.

హుస్నాబీ కుర్చీలోంచి ముందుకు వంగింది. వేలు తెర దాకా పోయింది.

"గీడనే," అంది. "నాది గూడ గీడనే ఆగుతది."

"గీడ ఎవ్వరిదైనా ఆగుతది చాచీ. కడ్డీ వరసకు వచ్చినంక ఎంత వత్తినా చక్రానికి అందది. ముందుకు పోవాల్నా ఎనకకు పోవాల్నా దానికే తెల్వది."

"మంచి కాలుదైతె?"

"మంచి కాలుదైనా, పైల్వాన్ కాలుదైనా. గీ జాగ దాటిచ్చేది కాలు కాదు. చక్రం బరువు. అప్పటిదాంక తిరిగొచ్చిన ఊపు ఉంటది గద, అది దాటిస్తది. గీ బొమ్మల బరువు సున్న పెట్టినం, అందుకే దాటుతలేదు. నీ కాలు ఊపు తక్కువ ఇస్తున్నది, అంతే."

హుస్నాబీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాక గాని ఆమె ఏడుస్తోందని మాకు తెలియలేదు. ఏడాదిగా ఊరంతా ఆమె మనసు గట్టిది కాదని చెప్పింది, ఆమె తన కాలును దొంగ అనుకుంది. ఇప్పుడు ఏ కాలూ లేని ఒక బొమ్మ, సరిగ్గా ఆమె ఆగిన చోటే ఆగింది. కన్యక దాన్ని ఆపబోతే, "ఉండనియ్యి బిడ్డా," అని ఇంకో రెండు సార్లు చూపించమంది. నేను కళ్ళజోడు తుడుచుకునే నెపంతో మొహం తిప్పుకున్నాను.

ఖుతుబుద్దీన్ అప్పటికే వేరే లోకంలోకి పోయాడు. "బరువు," అంటున్నాడు తనలో తనే. "బరువు తీసేద్దామని తిరిగిన, పెట్టాల్సింది గదే ఆయె."

పాత కడ్డీ మళ్ళీ ఎక్కించాడు. కమ్మరి సాంబయ్య దగ్గర ఇనుప పట్టీ ఒకటి వంచించి, కింది చక్రం అంచుకు చుట్టూ బిగించాడు. ఎక్కడైనా ఎక్కువ తక్కువ ఉంటే చక్రం కొట్టుకుంటుందని, రోజుల తరబడి అరగదీశాడు. ఈసారి గల్లీని పిలవలేదు. కొండవ్వ మాత్రం పిలవకపోయినా వచ్చింది.

బరువైన చక్రానికి ఒక చిక్కుంది. మొదలుకావడం కష్టం. ఖుతుబుద్దీన్ కింద కూర్చుని చక్రాన్ని చేత్తో ఒక్క తోపు తోశాడు. అది మెల్లగా కదిలింది. హుస్నాబీ పాదాలు పెడలు మీద ఆనించి ఉంచింది. చక్రం ఆ పాడు జాగకు వచ్చింది. నిదానంగా, తొందర లేకుండా, అది దాటింది. ఆమె బలం లేని పాదంతో కొంచెం వత్తింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ దాటింది. చప్పుడు మొదలైంది. మునుపటి కంటే బొంగురు చప్పుడు, ఆపితే వెంటనే ఆగదు. హుస్నాబీ చిరిగిన దుప్పటి ముక్క మీద పొడుగ్గా, ఆ చివర దాకా ఒక కుట్టు వేసుకుంటూ పోయింది. ఎవరమూ ఆపమనలేదు.

అప్పటి నుంచి రోజూ పొద్దున ఖుతుబుద్దీన్ చాయ్ తాగి, మిషను కింద కూర్చుని ఆ తోపు ఇచ్చి, తర్వాతే సైకిలెక్కేవాడు. మధ్యాహ్నం ఊరికి దగ్గర్లో ఉంటే వచ్చి ఇంకోటి ఇచ్చేవాడు. దూరం ఊళ్ళకు పోవడం తగ్గించుకున్నాడు. నా టైపు మిషను అక్షరాలు అతుక్కుంటున్నాయని కబురు పెడితే, "ఆమెకు మొదలువెట్టి వస్త సార్," అని ఎదురు కబురు వచ్చేది. మాట్లాడుతూ మాట్లాడుతూ చెయ్యి గాలిలో ఆ తోపును ఇచ్చేది. అంత ఇష్టంగా ఏ పనీ చేయగా నేను చూడలేదు.

చలికాలంలో ఒక రోజు ఆయన తప్పక చేర్యాల పోవాల్సి వచ్చింది, సాయంత్రానికి గాని రాడు. నేను ప్యాంటు అంచు మడిపించుకుందామని మధ్యాహ్నం వాళ్ళింటికి వెళ్ళాను. ఈ రోజు మిషను నడవదులే, బట్ట ఇచ్చి వద్దాం అనుకుంటూ గల్లీ మలుపు తిరిగితే, బొంగురు చప్పుడు వినిపించింది. తలుపు దగ్గరగా వేసి ఉంది. తోసి చూశాను. హుస్నాబీ ఒక్కతే ఉంది. కుట్టు ముగించి, చక్రం ఆగేదాకా ఉండి, బట్ట తిప్పి పెట్టుకుంది. తర్వాత రెండు చేతులతో పై చక్రాన్ని పట్టుకుని, పళ్ళు బిగించి తిప్పింది. కింది చక్రం మొరాయించింది, కదిలింది. పాదం ఆనించింది. తిరగడం మొదలైంది.

నన్ను చూసి ఉలిక్కిపడి, పై చక్రాన్ని అరచేత్తో అదిమి చప్పుడు ఆపింది.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాను.

"శానా దినాలాయె సార్," అంది. కొంగు సర్దుకుని గుమ్మం వైపు చూసింది, ఎవరైనా వింటున్నారేమో అన్నట్టు. "గాయనకు చెప్పకుండ్రి. పొద్దుగాల గా ఒక్క నూకుడు నూకితెనే గాయనకు దినం మొదలైతది."

చెప్పనన్నాను. ప్యాంటు ఇచ్చి, తలుపు దగ్గరగా వేసి వచ్చాను. తెల్లారి అటువైపు పోతూ చూస్తే, హుస్నాబీ చేతులు ఒళ్ళో పెట్టుకుని మిషను ముందు కూర్చుని ఉంది, ఖుతుబుద్దీన్ చాయ్ తాగడం అయ్యేదాకా.